స్మార్ట్‌ఫోను: వాడుక, వ్యసనము, ఆరోగ్యము

భారతదేశమున మొట్టమొదటి సెల్‌ఫోను సంభాషణ 1995వ సంవత్సరము జూలై 31వ తేదీన జరిగినది. నాటి పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి శ్రీ జ్యోతి బసు కలకత్తానుండి, ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి శ్రీ సుఖ్‌రామ్‌తో ఆ ఫోనుపై మాటలాడిరి. ఆనాడది సంపన్నుల చేతిలో మాత్రమే కనిపించు వస్తువు. నేడు పల్లెలోని గుడిసెలో సైతము అది వెలుగుచున్నది. రైతు మార్కెట్టు ధరను, విద్యార్థి పరీక్షాఫలితమును, చిల్లరకొట్టు వర్తకుడు తనకు రావలసిన సొమ్మును దాని ద్వారానే పొందుచున్నారు. దూరదేశమునకు పోయిన కుమారుని ముఖమును తల్లి తన ఇంటి అరుగుపై కూర్చుండియే చూడగలుగుచున్నది. ఇంతటి మేలు చేయు సాధనమును నిందించుట ఈ పుస్తకము ఉద్దేశము కాదు.

అయినను, ఈ సాధనము కొందరి జీవితములలో సేవకుని స్థానమును విడిచి యజమాని స్థానమును ఆక్రమించుచున్నది. నిద్ర తగ్గుట, చదువు వెనుకబడుట, ఒకే ఇంటిలో నున్నవారు ఒకరితో నొకరు మాటలాడుకొనకుండుట, రహదారులపై ప్రాణములు పోవుట, ఇవి దాని పరిణామములు. వీనిని గుర్తించుట ఎట్లు, నివారించుకొనుట ఎట్లు అను విషయములు ఇందు వివరింపబడినవి.

వాడుకకును వ్యసనమునకును భేదము

"రోజునకు ఎన్ని గంటలు ఫోను చూచినచో ప్రమాదము?" అని పలువురు ప్రశ్నింతురు. గంటల లెక్క ఒక్కటే ఇందుకు ప్రమాణము కాజాలదు. ఇంటింటికి సరకులు చేరవేయు యువకుడు పగలంతయు ఫోనులోని దారి చూచుకొనుచునే జీవనోపాధి సాగించును. అతడు వ్యసనపరుడు కాడు. ఉద్యోగమునుండి తిరిగివచ్చి రెండు గంటలు మాత్రమే ఫోను చూచు గృహస్థు, ఆ రెండు గంటలను తన నిద్రనుండియో, బిడ్డలతో గడుపవలసిన కాలమునుండియో తీసికొనుచున్నచో, అతనికి నష్టము కలుగుచున్నదనియే చెప్పవలెను. కావున "ఎంతసేపు?" అని అడిగిన పిదప "దేనికి బదులుగా?" అని కూడ అడుగవలెను. ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమైనది.

బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ, అనగా నిమ్హాన్స్, 2014లో ఈ సమస్యకై "షట్" అను పేర ఒక ప్రత్యేక క్లినిక్కును నెలకొల్పినది. అచటి వైద్యులు వ్యసనమును గుర్తించుటకు నాలుగు లక్షణములను పరిశీలింతురు.

మొదటిది తపన. ఫోను చేతిలో లేనప్పుడు మనస్సు దానిమీదనే యుండును. రెండవది అదుపు తప్పుట. ఐదు నిమిషములని తీసినవాడు గంట గడిచినను ఆపలేడు. మూడవది నిర్బంధము. అవసరము లేకున్నను, ఆనందము లేకున్నను, చేయి దానంతట అది ఫోను వైపు పోవును. నాలుగవది దుష్పరిణామము. నిద్ర, చదువు, ఉద్యోగము, కుటుంబ సంబంధములు చెడుచున్నవని తెలిసియు వాడుక కొనసాగును. ఈ నాలుగును కలిసి చాలకాలము నిలిచియున్నచో జాగ్రత్తపడవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల వర్గీకరణ పదునొకండవ కూర్పు 2022 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. అందు ఎలక్ట్రానిక్ ఆటలకు లోబడుట ఒక రుగ్మతగా చేర్చబడినది. సాధారణముగా 12 నెలలపాటు లక్షణములు కనిపించిననే అట్లు నిర్ణయింపవలెనని అందు సూచింపబడినది. స్మార్ట్‌ఫోను వాడుక మాత్రము ఆ పట్టికలో ఒక ప్రత్యేక వ్యాధిగా లేదు. కావున ఫోను ఎక్కువగా చూచు ప్రతివానిని రోగియని పిలుచుట తగదు. రోగము కానంతమాత్రమున హాని లేదనుటయు సరికాదు.

ఫోను మనస్సును పట్టియుంచు విధము

ఫోనును విడువలేకపోవుట కేవలము మనోబలము లేకపోవుటవలననే కలుగునని తలంచుట పొరపాటు. అందులో యంత్రపు వంతు కూడ కలదు.

అమెరికా మనశ్శాస్త్రజ్ఞులగు ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనువారు పావురములపై జరిపిన ప్రయోగములను 1957లో గ్రంథరూపమున ప్రచురించిరి. ఒక మీటను ముక్కుతో పొడిచినచో పావురమునకు గింజలు లభించును. ఇన్ని పోట్లకు ఒకసారి గింజలని లెక్క స్థిరముగా నున్నప్పుడు పావురము గింజలు తిని, కొంత తడవు విశ్రమించి, మరల పని మొదలిడెను. ఏ పోటునకు గింజలు వచ్చునో తెలియకుండునట్లు ఏర్పాటు చేసినప్పుడు మాత్రము అది విరామము లేకుండ పొడుచుచునే యుండెను. "ఇప్పుడు రానిది తరువాతిసారి రావచ్చును" అను ఎదురుచూపు అంత బలమైనది.

ఫోను తెరపై జరుగునది ఇంచుమించు ఇదియే. పది వీడియోలలో తొమ్మిది సామాన్యముగా నుండును. పదియవది నవ్వు పుట్టించును. ఆ పదియవది ఎప్పుడు వచ్చునో తెలియదు గనుక వ్రేలు తెరను పైకి త్రోయుచునే యుండును. పూర్వము ఇంటర్నెట్టులోని పుటకు ఒక చివర ఉండెడిది. అచట చదువరి ఆగి, ఇక చాలునా యని ఆలోచించుకొనుటకు వీలు కలిగెడిది. 2006లో ఆజా రాస్కిన్ అను అమెరికా రూపకర్త, ఎంత త్రోసినను చివర రాని పుటను కల్పించెను. 2009లో ఫేస్‌బుక్కులో "లైక్" గుర్తు చేరినది. తాను పెట్టిన ఛాయాచిత్రమును ఎందరు మెచ్చుకొనిరో మాటిమాటికి చూచుకొను అలవాటునకు అది తోడైనది. ఒక వీడియో ముగియకమునుపే మరియొకటి దానంతట అది ప్రారంభమగుట ఇట్టి మరియొక ఏర్పాటు.

ఈ సేవలలో అనేకములు ఉచితముగా లభించును. వాని రాబడి ప్రకటనలనుండి వచ్చును. చూపరి ఎంతసేపు తెర ముందుండునో అంత రాబడి. ఈ సంగతి తెలిసినవాడు తన బిడ్డను "నీకు బుద్ధి లేదు" అని నిందింపక, ఆ బిడ్డ ఎంతటి బలమును ఎదుర్కొనుచున్నదో గ్రహింపగలుగును.

నిద్ర

ఫోను అన్నిటికంటె ముందుగా అపహరించునది నిద్రను. పెద్దలకు రాత్రికి కనీసము 7 గంటలు, 13నుండి 18 సంవత్సరముల వయస్సువారికి 8 మొదలు 10 గంటలు నిద్ర అవసరము. రాత్రి 12 గంటలవరకు ఫోను చూచి, ఉదయము 6 గంటలకు కాలేజీకి బయలుదేరు విద్యార్థికి ఇది లభింపదు.

చీకటి పడగానే మెదడులో మెలటోనిన్ అను స్రావము పుట్టి, శరీరమును నిద్రకు సిద్ధము చేయును. కన్నులపై పడు వెలుతురు, అందును నీలి కాంతి, ఆ స్రావమును తగ్గించును. అమెరికాలో 12 మంది యువతీయువకులపై జరిపి 2014 చివర ప్రకటింపబడిన ఒక పరిశోధనలో ఈ సంగతి వెల్లడియైనది. వారు ఐదు రాత్రులు కాగితపు పుస్తకమును, ఐదు రాత్రులు వెలుగు తెరపై పుస్తకమును చదివిరి. తెరపై చదివిన రాత్రులలో మెలటోనిన్ తగ్గినది; నిద్ర సుమారు 10 నిమిషములు ఆలస్యముగా పట్టినది; మరునాటి ఉదయము చురుకుదనము కొరవడినది.

అయితే వెలుతురు కంటె విషయము ఎక్కువ హాని చేయవచ్చును. పుస్తకము చదువువాడు కునుకుపాటు వచ్చినచో దానిని మూసివేయును. వాదప్రతివాదములు, ఆటలు, భయపెట్టు వార్తలు చూచువాని మనస్సు పరుగిడుచుండును. తెర రంగును పసుపుగా మార్చుకొన్నంత మాత్రమున ఈ పరుగు ఆగదు.

కన్నులు, మెడ

తెరను తదేకముగా చూచువారు రెప్పలార్చుట తగ్గును. అందువలన కన్ను తడి ఆరి, మంట, ఎరుపు, తలనొప్పి కలుగును. ప్రతి 20 నిమిషములకు ఒకసారి, 20 అడుగుల దూరముననున్న వస్తువును 20 సెకండ్లపాటు చూచుట కన్నులకు విశ్రాంతి నిచ్చును.

పిల్లలలో హ్రస్వదృష్టికి దగ్గరి చూపు పని ఎంత కారణమో, ఆరుబయట ఆడకుండుటయు అంత కారణము. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరమున 12 పాఠశాలలలో ఒకటవ తరగతి పిల్లలపై జరిగిన పరిశోధన 2015లో ప్రకటింపబడినది. కొన్ని పాఠశాలలలో దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయలున గడుపు ఏర్పాటు జరిగినది. మూడు సంవత్సరముల పిమ్మట ఆ పిల్లలలో నూటికి సుమారు 30 మందికి, తక్కినవారిలో నూటికి సుమారు 40 మందికి హ్రస్వదృష్టి కలిగినది. ఇక్కడను ప్రశ్న అదియే: ఫోను చూచిన గంట దేనికి బదులుగా గడిచినది?

మనిషి తల బరువు సుమారు 5 కిలోగ్రాములు. తల నిటారుగా నున్నప్పుడు వెన్నెముక ఆ భారమును సులభముగా మోయును. వంచినకొలది మెడ కండరములపై ఒత్తిడి అనేక రెట్లు పెరుగును. ఫోనును ఒడిలో నుంచుకొని తల వంచుటకంటె, దానిని కన్నుల మట్టమునకు ఎత్తి పట్టుకొనుట మేలు.

పసిపిల్లలు

పూర్వము తల్లి చందమామను చూపి గోరుముద్దలు తినిపించెడిది. నేడు అనేక గృహములలో ఫోను చూపనిదే బిడ్డ నోరు తెరువదు. తెరను చూచుచు తిను బిడ్డ తన ఆకలిని, కడుపు నిండుటను గమనింపదు, రుచిని గుర్తింపదు. తల్లి ముఖమును చూడదు.

మాట నేర్చుటకు ముఖము అవసరము. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున పాట్రీషియా కూల్ అను శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి జరిపిన ప్రయోగము 2003లో ప్రకటింపబడినది. ఇంగ్లీషు మాటలాడు ఇండ్లలోని 9 నెలల శిశువులకు చైనా భాషను వినిపించిరి. ఎదుట కూర్చుండి ఆడించుచు మాటలాడిన మనిషి నుండి శిశువులు ఆ భాషాధ్వనుల భేదమును గ్రహించిరి. అవే మాటలను వీడియోలో చూచిన శిశువులు ఏమియు గ్రహింపలేదు. బిడ్డ నవ్వినచో తెర తిరిగి నవ్వదు. బిడ్డ చూచిన వస్తువు పేరు చెప్పదు. దూరమున నున్న అమ్మమ్మ వీడియోలో బిడ్డను పలుకరించుట మాత్రము వేరు. ఆమె బిడ్డ నవ్వునకు నవ్వును, పిలుపునకు పలుకును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చేసిన సిఫారసులు ఇవి: రెండు సంవత్సరములు నిండని బిడ్డలను తెర ముందు కూర్చుండబెట్టరాదు. 2 మొదలు 4 సంవత్సరముల పిల్లలకు దినమునకు ఒక గంటకు మించరాదు. అంతకంటె తగ్గించిన కొలది మంచిది.

విద్యార్థులు

2024 సంవత్సరపు "అసర్" గ్రామీణ విద్యా నివేదిక ప్రకారము 14 మొదలు 16 సంవత్సరముల పిల్లలలో నూటికి సుమారు 82 మందికి స్మార్ట్‌ఫోను వాడుట తెలియును. అట్టివారిలో, అంతకుముందు వారములో చదువునకై దానిని వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకై వాడినవారు నూటికి 76 మంది. ఫోను విద్యాసాధనమగుట నిజమే. అయినను పాఠమును, ఆటను, స్నేహితుని పిలుపును ఒకే తెరపై చూపు సాధనము చదువువానికి ప్రతిక్షణము పరీక్ష పెట్టుచుండును. లెక్క చేయుచుండగా మ్రోగిన ఫోను ఒక నిమిషమును మాత్రమే తీసికొనదు. తెగిన ఆలోచనను తిరిగి అతుకుకొనుటకు పట్టు కాలమును కూడ తీసికొనును.

డబ్బు పెట్టి ఆడు ఆటలు మరింత ప్రమాదకరమైనవి. వానివలన కుటుంబములు అప్పులపాలైనవి. అట్టి ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు పార్లమెంటు 2025 ఆగస్టులో ఒక చట్టము చేసినది.

రహదారిపై

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము మూడు సెకండ్లలో 50 మీటర్లు సాగును. ఒక సందేశమును చూచుటకు మూడు సెకండ్లు చాలును. ఆ 50 మీటర్లు చోదకుడు కన్నులు మూసికొని నడిపినట్లే. ఫోను వాడుచు వాహనము నడుపువారికి ప్రమాదము జరుగు అవకాశము సుమారు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. చెవిలో తీగ పెట్టుకొని మాటలాడినను మనస్సు మాత్రము దారిపై ఉండదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము ఫోను చేత పట్టి అపాయకరముగా నడుపుట శిక్షార్హము. శిక్షకు భయపడి కాకున్నను, ఇంటికి తిరిగి చేరుటకై ఈ నియమమును పాటింపవలెను.

ఒక గ్రామము చేసిన పని

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్గావ్ అను గ్రామము కలదు. కరోనా కాలమున పాఠశాలలు మూతపడి, పాఠములు ఫోనులోనికి మారినవి. పాఠశాలలు తిరిగి తెరచిన పిదపను పిల్లల చేతులనుండి ఫోన్లు దిగలేదు. పెద్దలు టెలివిజను ముందునుండి లేవలేదు. 2022 ఆగస్టు 15నుండి ఆ గ్రామస్థులు ఒక కట్టుబాటు చేసికొనిరి. సాయంకాలము 7 గంటలకు గుడిమీది సైరను మ్రోగును. అంతట ఇంటింట ఫోన్లును, టెలివిజన్లును కట్టివేయుదురు. పిల్లలు పుస్తకములు తీయుదురు, పెద్దలు మాటలాడుకొందురు. 8-30 గంటలకు రెండవ సైరను మ్రోగును.

మొదట కొందరు దీనిని నవ్వులాటగా తీసికొనిరి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సేవికలు, విశ్రాంత ఉపాధ్యాయులు ఇంటింటికి పోయి నచ్చజెప్పిరి. ఈ ఏర్పాటులో గమనింపదగిన విషయము గంటన్నర కాలము కాదు. అది అందరికిని ఒకేసారి వర్తించుట. తండ్రి ఫోను చూచుచు కుమారుని చదువుకొమ్మనుట వేరు. ఇంటిల్లిపాదియు ఒక్కసారి ఫోను దింపుట వేరు. స్నేహితులందరు తెరపై నుండగా తానొక్కడే వెలియైనట్లు తోచు బాధ కూడ అచట పిల్లలకు లేదు.

ఇంటిలో చేయదగినవి

1. ఫోనునకు ఇంటిలో ఒక చోటు ఏర్పరుపవలెను. రాత్రివేళ దానిని పడకగది వెలుపల ఛార్జింగునకు పెట్టవలెను. మేలుకొనుటకు ఒక అలారము గడియారము కొనవలెను.

2. పండుకొనుటకు ఒక గంట ముందు తెరలన్నియు కట్టివేయవలెను.

3. భోజనమువేళ పెద్దలుగాని పిల్లలుగాని ఫోను ముట్టరాదు.

4. పిలుపులు, బ్యాంకు, పాఠశాల, ఉద్యోగము వంటి అవసరములు తప్ప తక్కిన యాప్‌ల సూచనలను ఆపివేయవలెను.

5. ఏ యాప్‌పై ఎంతకాలము గడిచినదో ఫోనులోనే లెక్క యుండును. వారమునకొకసారి దానిని కుటుంబమంతయు కలిసి చూచుకొనవలెను. పెద్దల లెక్కను ముందుగా చూపవలెను.

6. పిల్లల చేతినుండి ఫోనును హఠాత్తుగా లాగికొనరాదు. నియమమును ముందుగా చెప్పి, సమయము ముగియుటకు ఐదు నిమిషములు ముందు గుర్తుచేయవలెను. మొదటి కొన్ని దినములు చిరాకు, అలుక సహజము. దానికి లొంగి నియమము సడలింపరాదు. దానిని చూచి దండింపనురాదు.

7. తీసివేసిన కాలమును ఖాళీగా నుంచరాదు. ఆట, నడక, వంటలో సాయము, తాతతో చదరంగము, గ్రంథాలయము, ఏదైన ఒకటి ఆ చోట నిలుపవలెను. ఖాళీగా నున్న చేయి మరల ఫోనునే వెదకును.

8. బండి ఎక్కునప్పుడు ఫోనును సంచిలో వేయవలెను. అత్యవసరమైనచో బండిని ప్రక్కన ఆపి మాటలాడవలెను.

వైద్యసహాయము ఎప్పుడు?

పై ప్రయత్నములు చేసినను నిద్ర, భోజనము, చదువు, ఉద్యోగము చెడుచునే యున్నచో. ఫోను అందనప్పుడు తీవ్రమైన కోపము, హింస కనిపించినచో. డబ్బు పోగొట్టుకొని దాచుచున్నచో. నలుగురిలో కలియుట పూర్తిగా మానినచో, వైద్యుని సంప్రదింపవలెను. ఒక్కొక్కప్పుడు ఫోను రోగము కాదు, రోగచిహ్నము. పరీక్షాభయము, ఒంటరితనము, మనోవ్యాకులత, ఇంటిలోని కలహములు భరింపలేక మనిషి తెర వెనుక దాగుకొనవచ్చును. అట్టివానినుండి ఫోనును తీసికొనినంత మాత్రమున బాధ తీరదు; బాధను అడిగి తెలిసికొనవలెను. చనిపోవలెనను మాట బిడ్డ నోట వచ్చినచో దానిని బెదిరింపుగా కొట్టివేయక, బిడ్డను ఒంటరిగా విడువక, వెంటనే సహాయము కోరవలెను.

భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన "టెలి మానస్" సేవ ఇరువదినాలుగు గంటలును పని చేయును. 14416 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. సహాయము కోరుట సిగ్గుపడవలసిన పని కాదు. జ్వరమునకు మందు అడుగుటవంటిదే.

ఫోను ఇంటిలో ఉండవలసిన వస్తువే. అయితే అన్నము తినువేళ, బిడ్డ పలుకునేర్చువేళ, నిద్రపోవువేళ, బండి నడుపువేళ దానికి చోటు లేదు. ఈ నాలుగు వేళలను కాపాడుకొనిన కుటుంబము దానివలన మేలునే పొందును. నేటి రాత్రి ఫోనును పడకగది వెలుపల ఉంచుటతో ఈ పని ప్రారంభింపవచ్చును. ఇందుకు ఖర్చు ఏమియు లేదు.